కనుబొమ మీద ఒకే గాటు

అకైషి మాస్టారి గదిలో, మాస్టారి కుర్చీలో, మాస్టారి పెన్ను పట్టుకుని ఓ అమ్మాయి కూర్చుని ఉంది. ఆమెను చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది చిజురు. పోయిన వారం చిజురును మనం వదిలిపెట్టింది అక్కడే.

ఆ గుమ్మం దాకా ఆమెను లాక్కొచ్చింది ఒక మచ్చ. తెడ్డు పట్టుకుని నదిలోని రాక్షసులతో పోరాడే పడవ కుర్రాడు రైకి, ‘ఆఖరి రేవు’ అనే మాంగా బొమ్మల కథలో కథానాయకుడు. వాడి ఎడమ కనుబొమ మీద రెండు గాట్లుంటాయి. అకైషి తోజి మాస్టారు పదకొండేళ్లుగా వారపత్రికలో వాణ్ణి అలాగే గీస్తున్నారు. ఆ కథను టీవీకి యానిమేగా తీస్తున్న స్టూడియోలో, అందరూ గీసిన బొమ్మల్నీ ఆఖర్న సరిదిద్దే ప్రధాన చిత్రకారిణి ఇసోబె చిజురు. మూడేళ్ల కిందట సిరీస్ మొదలుపెడుతున్నప్పుడు నమూనా బొమ్మలో ఆమె ఒక గాటు తీసేసింది. వేలసార్లు గీయాల్సిన మొహం అది. ఒక గీత తగ్గినా స్టూడియోలో అందరి చేతులకూ కాస్త ఊపిరాడుతుంది. ప్రేక్షకులెవరూ గమనించలేదు. ఈ వారం పత్రికలో, మాస్టారి పేరుతో అచ్చయిన పేజీల్లో, రైకి కనుబొమ మీద ఒకే గాటుంది.

ఇదేమిటని అడిగితే పత్రికలో ఆ కథ చూసుకునే సంపాదకుడు కురమోచి నవ్వేశాడు. నవ్వి, మర్నాడే ఆఖరి పోరాటం చిత్తుప్రతి పంపించాడు. మాస్టారి ముగింపు ఇదేనన్నాడు, బొమ్మలు మొదలుపెట్టమన్నాడు. అందులో రైకి తనను పెంచిన ముసలి పడవవాడు గొన్జోను చంపేస్తాడు. అది మాస్టారి ముగింపే అయితే చిజురు గీసి తీరాలి. కాకపోతే ఆపాలి. ఏ సంగతో సాయంత్రంలోగా దర్శకుడు తమారుకి చెప్పాలి.

"తలుపెయ్యండి. తేమ లోపలికొస్తే కాగితం మీద ఇంకు పాకుతుంది," అన్నాడు మురోఫుషి ఆమె వెనకనించి.

మురోఫుషి మాస్టారి దగ్గర నెరిసిపోయిన సహాయకుడు. రైకి తిరిగే నది, పడవలు, వాన, రెల్లు పొదలు అన్నీ అతని చేతివే. మనిషి మొహం మాత్రం ఒక్కటీ గీసి ఎరగడు. ఆ వృత్తిలో కట్టుబాటు అది. ఇళ్లూ చెట్లూ సహాయకులు గీస్తారు, మొహాలు మాస్టారు గీస్తారు. కళ్ల జోలికయితే ఇంకెవరూ వెళ్లరు.

చిజురు తలుపు మూసి, తడిసిన బూట్లు విప్పి, చేతిలోని మిఠాయి డబ్బా అతనికి అందించింది. పేజీలు అప్పగించే రోజున పనిగదికి సంపాదకుడు తప్ప ఇంకొకరు రారు. రావాల్సొస్తే వట్టి చేతులతో రారు.

మురోఫుషి మూత ఎత్తి చూశాడు. "దైఫుకు ఉండలు. అందులోనూ ఉప్పు చిక్కుడువి. ఇవి లేకపోతే మిమ్మల్ని మెట్ల దగ్గరనించే పంపించేసేవాణ్ణి."

"మాస్టారికి ఇష్టమని తెచ్చాను. తింటారా?"

అతను మూత పెట్టేశాడు. "ఉంటే తినేవారు."

అమ్మాయి లేచి నిలబడింది. పద్దెనిమిది, పందొమ్మిది ఉంటాయేమో. జుట్టు మొహమ్మీద పడకుండా బట్టల క్లిప్పు పెట్టుకుంది. కుడిచేతికి వేళ్ల చివర్లు కత్తిరించిన తెల్ల నూలు తొడుగు. చెమటకు చెయ్యి కాగితానికి అంటుకోకుండా బొమ్మలు గీసేవాళ్లు వేసుకునేది. చిజురు బల్ల మీద కూడా అలాంటిదే ఉంటుంది.

"మీరు ఇసోబె చిజురు గారు కదూ," అంది ఆ అమ్మాయి.

"నన్నెలా గుర్తుపట్టావ్?"

"పోయినేడాది మ్యూజియంలో మీ బొమ్మలు పెట్టినప్పుడు వరసలో నించుని మీ సంతకం తీసుకున్నాను. మీకు గుర్తుండదు. వానలో చాలామంది ఉన్నారు."

"నీ పేరు?"

అమ్మాయి మురోఫుషి వైపు చూసింది. అతను భుజాలెగరేశాడు. "ఇంకా నన్నడుగుతావేంటి చిట్టీ. కుర్చీలో కూర్చుని ఉండగా చూసేశారు. వంటమనిషినని చెప్పినా నమ్మరు."

"అకైషి సుజుహ," అంది ఆ అమ్మాయి. "మాస్టారి కూతుర్ని."

అకైషి మాస్టారికి కూతురున్న సంగతి చిజురుకి తెలుసు. అంతకుమించి ఏమీ తెలియదు. ఆయన పనిగురించి తప్ప ఇంకేదీ మాట్లాడే మనిషి కాదు.

"ఎప్పట్నించి గీస్తున్నావ్?"

"జనవరి నించి."

"మురోఫుషి గారూ, ఆర్నెల్లుగా ఈ పిల్ల మొహాలు గీస్తుంటే మీరు పక్కన కూర్చుని నీళ్లు గీస్తున్నారా?"

"నీళ్లు బాగానే వచ్చాయిగా," అన్నాడు మురోఫుషి. వెంటనే ఆ మాట తనకే నచ్చనట్టు తల తిప్పుకున్నాడు. "ఏం చెయ్యమంటారు? కొత్త సంవత్సరం సెలవులయిన మర్నాడు ఆ బల్ల మీదే పడిపోయారు. కుడివైపంతా చచ్చుబడిపోయింది. మాట కూడా ఒకటో రెండో. కురమోచి గారొచ్చి, టీవీలో కథ పతాక స్థాయిలో ఉంది, ఇప్పుడు ఆపితే మళ్లీ లేవదన్నారు. రెండు వారాలు చాలన్నారు. ఈ పిల్ల చెయ్యి చూశారు. ఆ రెండు వారాలే ఇంకా నడుస్తున్నాయి."

చిజురు బల్ల దగ్గరికెళ్లింది. ఆ రోజు ఇవ్వాల్సిన పేజీలు దాదాపు పూర్తయ్యాయి. పోరాటం పేజీలు. రైకి ఎగిరాడు. ఎగరకముందు మోకాలు వంగిన తీరు ఒక గడిలో, దిగాక మడమ జారిన తీరు ఇంకో గడిలో ఉన్నాయి. మాస్టారు ఎప్పుడూ దెబ్బ తగిలిన క్షణాన్నే గీసేవారు. ఈ అమ్మాయి ఆ క్షణానికి ముందూ వెనకా గీస్తోంది. యానిమే గీసేవాళ్లు ఆలోచించేది అలాగే. ఒక కదలికను రెండు కొసల దగ్గర పట్టుకుని, మధ్యది తర్వాత నింపుతారు.

"మా పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావ్?"

"మీ దగ్గరే," అంది సుజుహ. "అంటే, టీవీ ముందు. శనివారం సాయంత్రాలు. నచ్చిన కదలిక దగ్గర ఆపేసి, ఒక్కో బొమ్మా కదుపుకుంటూ గీసుకునేదాన్ని. అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. నాన్న ఇక్కడే పడుకునేవాడు. ఇంటికొచ్చినా గోడవైపు తిరిగి నిద్రపోయే వీపే నాకు కనబడేది. నాన్న రైకి నాకు పెద్దగా తెలీదు, ఇసోబె గారూ. నాకు తెలిసింది మీ రైకి."

"ఏం నచ్చింది వాడిలో?"

సుజుహ తొడుగు వేళ్లు లాక్కుంటూ ఆలోచించింది.

"మా క్లాసులో అందరూ తెడ్డు తిప్పడం గురించి మాట్లాడుకునేవాళ్లు. నీళ్లు చీలడం, వంతెనలు కూలడం. అవీ బావుంటాయి. నాకు మాత్రం వాడు కొట్టబోయే ముందు ఆగుతాడు చూడండి, అది. సంగీతం ఆగిపోతుంది. తెరంతా తెల్లగా అయిపోతుంది. ఒక్క ఊపిరి. మొదటిసారి టీవీ పాడైందనుకుని వెళ్లి దాని నెత్తిన కొట్టాను."

మురోఫుషి నవ్వాడు. చిజురు కూడా నవ్వబోయి ఆగింది.

"అందరికన్నా గట్టిగా కొట్టగలిగినవాడు కొట్టడానికి ఇష్టపడడు," అంది సుజుహ. "ఆ తెల్లదనంలో నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. వద్దురా అనుకునేదాన్ని. కొట్టరా అని కూడా అనుకునేదాన్ని. రెండూ ఒకేసారి. బడిలో నన్ను ఏడిపించే పిల్ల ఒకత్తి ఉండేది. ఒకరోజు దాని మీదకి చెయ్యెత్తి, అలాగే ఆగిపోయాను. అది భయపడి వెళ్లిపోయింది. ఎందుకు ఆగానో దానికి తెలీదు, నాకు తెలుసు."

చిజురు ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. తిట్టడానికి వచ్చిన మనిషి ఆమె. తిట్టాల్సిన మొహం ఇలా ఉంటుందని అనుకోలేదు.

"కనుబొమ మీద ఒక గాటు వదిలేశావు. అందుకే వచ్చాను."

సుజుహ మొహం పాలిపోయింది. బల్ల మీద ఈ వారం పత్రిక ఉంది. తీసి తిరగేసింది. ఒక పేజీ, ఇంకో పేజీ. ప్రతి మొహమ్మీదా ఒకటే గాటు.

"రెండు వెయ్యాలని నాకు తెలుసు. ఆర్నెల్లూ గుర్తుపెట్టుకుని మరీ వేశాను. పోయిన వారం జ్వరమొచ్చింది. చెయ్యి దానంతటది గీసుకుపోయింది. మీరు నేర్పినట్టే గీసేసింది."

"నేనూ చూడలేదు," అన్నాడు మురోఫుషి గొంతు తగ్గించి. "మొహాలు నేను చూడను. అలవాటు."

వాన కిటికీ అద్దం మీద సన్నగా చప్పుడు చేస్తోంది. చిజురు సంచిలోంచి చిత్తుప్రతి తీసి బల్ల మీద పరిచింది. మాంగాలో పెన్ను పట్టకముందు పెన్సిల్‌తో గడులు కట్టి, పుల్లల్లాంటి మనుషుల్ని వేసి, మాటలు రాసుకునే కాగితాలవి. గీతలన్నీ వంకర టింకరగా ఉన్నాయి.

"ఈ ముగింపు నీకు తెలుసా?"

"తెలుసు. నాన్న ఎడమచేత్తో వేశాడు. ప్రతివారం కథంతా అలాగే వేసి పంపిస్తాడు. కురమోచి గారు ఆసుపత్రికెళ్లి తెస్తారు, నేను దాన్ని చూసి గీస్తాను."

"మీ నాన్నను నువ్వెప్పుడు చూశావు?"

మురోఫుషి అందుకున్నాడు. "ఫిబ్రవరిలో వెళ్లింది. మాత్సుమోతో అవతల, కొండల్లో ఉంది ఆ ఆసుపత్రి. నడిపించడం, మాట్లాడించడం అన్నీ మళ్లీ నేర్పిస్తారట. రైల్లో పోయి, బస్సు మారి, మంచులో పడుతూ లేస్తూ వెళ్తే, చూడనని నర్సుతో చెప్పించారు."

"ఆ స్థితిలో నాకు కనబడటం ఇష్టం లేదట," అంది సుజుహ. "సరే అనుకున్నాను. ఆయన వద్దంటే నేనెందుకు వెళ్తాను? నాకూ పౌరుషం ఉంటుంది."

చిజురు చిత్తుప్రతిలో చివరి పేజీలు ఆమె ముందుకు జరిపింది. "ఇది చదివాక నీకేమనిపించింది?"

"రైకి ఆగలేదు," అంది సుజుహ. ఆ మాట ఎన్నాళ్లుగానో నాలిక మీదే ఉన్నట్టుంది. "గొన్జో ఎదురుగా కూర్చుని ఉంటే ఆగకుండా కొట్టేశాడు. తెల్లగడి లేదు. మర్చిపోయాడేమో అనుకున్నాను. కురమోచి గారిని అడిగితే, ఆఖరి దెబ్బకు ముందు ఆగడం ఉండదన్నారు."

"మీ నాన్నతో మొదటిసారి మాట్లాడినప్పుడు నేనొక ప్రశ్న అడిగాను. ఆ గడి ఎందుకు ఖాళీగా వదిలేస్తారని. బొమ్మ తోచకనా, గడువు ముంచుకొచ్చా అని. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ‘ఆ గడిలో వాడు ఆలోచించుకుంటాడు. అప్పుడు నేను వాణ్ణి చూడకూడదు. అందుకే గీయను,’ అన్నారు."

సుజుహ ఆ మాటను నోట్లో తిప్పుకుంటున్నట్టు పెదవులు కదిపింది. తండ్రి అలాంటి మాటంటాడని ఆమెకిప్పుడే తెలిసింది.

"అలాంటి మనిషి ఇది రాయరు," అంది చిజురు. "అదొక్కటే అయితే జబ్బు చేసింది, మనసు మారింది అనుకునేదాన్ని. ఇది చూడు."

ఆమె వేలు పెట్టిన గడిలో రైకి తెడ్డు నడిమికి విరిగిపోయింది. విరిగిన మొదలుతో వాడు గొన్జోను పొడిచాడు.

"ఆ తెడ్డు మీద చెక్కిన చేపల వరస ఉంటుంది. దాన్ని గీయలేక మా స్టూడియో పిల్లలు ఏడుస్తారు. పోయిన నెల కథ చదువుకునే సమావేశంలో నేనొక మాటన్నాను. ఆ తెడ్డు విరిగిపోతే పీడా పోతుంది, నాలుగు రాత్రులు నిద్రపోతాం అని. అందరూ నవ్వారు. అంత పనికిమాలిన మాట. అది కొండల్లో ఆసుపత్రిలో ఉన్న మనిషి చెవిన ఎలా పడింది?"

మురోఫుషి చిత్తుప్రతి మీదకి వంగాడు.

"ఆ సమావేశంలో మా స్టూడియో వాళ్లు కాక ఎవరున్నారో తెలుసా?" అంది చిజురు.

వాళ్లు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. బయట తలుపు తాళం తిరిగిన చప్పుడైంది. గొడుగు విదిలించిన చప్పుడు, బూట్లు విప్పిన చప్పుడు. పేజీలు తీసుకెళ్లడానికి కురమోచి వచ్చాడు.

గదిలోకి అడుగుపెట్టి, చిజురును చూసి, అతను ఉలిక్కిపడలేదు. అదే ఆమెకు మొదట వింతగా తోచింది. ఎదురుచూస్తున్న మనిషి కాస్త ఆలస్యంగా వచ్చినట్టు చూశాడు.

"ఇసోబె గారు. ఇక్కడికే వచ్చారన్నమాట."

"పెన్సిల్ బాగానే పట్టుకుంటున్నారు, కురమోచి గారూ," అంది చిజురు. "చెయ్యి వణికినట్టు గీయడం ఎక్కడ నేర్చుకున్నారు?"

కురమోచి బల్ల మీది చిత్తుప్రతి చూశాడు. తర్వాత సుజుహను చూశాడు. ఆమె చూపు తప్పించుకోలేక, కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. అంత నెమ్మదిగా ఎవరూ కోటు విప్పరు.

"ఎడమచేత్తోనే గీశాను," అన్నాడు. "నటించలేదు. నేను కుడిచేతి వాటం మనిషిని. అలాగే వస్తుంది."

"ఎప్పట్నించి?" అంది సుజుహ.

"మార్చి నించి."

"మార్చి నించి వచ్చినవన్నీ మీవేనా? నాన్నవి కావా?"

"జనవరిలో, ఫిబ్రవరిలో వచ్చినవి ఆయనవే. ఒట్టు."

"అప్పుడు నన్ను చూడనన్నది?"

"అదీ ఆయనే అన్నారు." కురమోచి గొంతు తగ్గింది. "తర్వాత నువ్వు మళ్లీ వస్తానన్నప్పుడు వద్దన్నది మాత్రం నేను."

సుజుహ కుర్చీలో కూలబడింది. మురోఫుషి ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక ఇంకు సీసాకి మూత బిగించి, మళ్లీ విప్పి, మళ్లీ బిగించాడు.

"ఈ పిల్ల తన తండ్రి మాట అనుకుని రాత్రీ పగలూ మీ గీతల్ని దిద్దింది," అన్నాడు చివరికి. "నేను దాని వెనక మీ నదుల్ని గీశాను. మాస్టారి నది అనుకుని. ఇన్నేళ్లలో మిమ్మల్ని ఒక్క మాట అనలేదు కురమోచి గారూ. ఇవాళ నాకు చెయ్యెత్తాలనుంది."

"ఎత్తండి."

"ఎత్తను. ఎత్తితే మీకు తేలికైపోతుంది."

చిజురు ఫోన్ తీసింది. కురమోచి ఒక అడుగు ముందుకేశాడు. "ఎవరికి?"

"మా దర్శకుడికి. తమారు గారూ, నేను చిజురుని. ఆఖరి పోరాటం మొదలుపెట్టొద్దు. అది మాస్టారిది కాదు. అవునండీ, నాకు తెలిసే చెబుతున్నాను. పంచిన గడులు వెనక్కి తీసుకోండి. పిల్లల్ని ఇంటికి పంపెయ్యండి, నిద్రపోతారు. కారణం వచ్చి చెబుతాను." అవతలనించి ఏదో గట్టిగా వినబడింది. ఆమె చివరిదాకా విని, "తప్పంతా నా మీద పెట్టెయ్యండి," అని ఫోన్ పెట్టేసింది.

ప్రసారం తేదీ ముందే నిర్ణయమైపోయింది. దాన్ని తప్పించిన మనిషికి ఆ రంగంలో ఇంకెవరూ పని చెప్పరు. అయినా ఆమెకు గుండె మీది బరువు కొంత దిగినట్టే ఉంది. వచ్చిన పని అయిపోయింది. ఆ ముగింపు మాస్టారిది కాదు. దాన్ని తన చేత్తో గీయక్కర్లేదు.

కురమోచి ఆమెనే చూస్తున్నాడు. కోపం లేదు. ఏదో లెక్క తప్పిన మనిషి చూపు అది.

"నిజంగానే ఆపేశారు," అన్నాడు.

"మరేమనుకున్నారు?"

"ఆ ముగింపు మీరు గీయాలని పంపలేదు, ఇసోబె గారూ. చూడాలని పంపాను. తెల్లగడి తీసేసింది నేనే, కావాలనే. గొన్జోను చంపించింది కావాలనే. మీ తెడ్డు మాట అందులో ఇరికించింది కూడా మీకు మండాలనే. నిప్పు పెడితే పొగ ఎటునించి వస్తుందో చూద్దామనుకున్నాను. మీరు మాస్టారికి అది చూపిస్తారు, ఆయన ఊరుకోరు, ఏదో ఒక కబురొస్తుంది అనుకున్నాను."

"నేను మాస్టారికి చూపించడమేంటి?"

"మొన్న మీరు మచ్చ సంగతి అడిగినప్పుడు బేరానికి వచ్చారనుకుని నవ్వాను."

"ఏం బేరం? ఏం మాట్లాడుతున్నారు మీరు?"

"కురమోచి గారూ," అంది సుజుహ. నెమ్మదిగా, ఒక్కో మాటా విడిగా. "మార్చిలో ఏమైంది?"

కురమోచి నుదురు తుడుచుకున్నాడు. గదిలో వేడి లేదు.

"మీ నాన్న ఆ ఆసుపత్రిలో లేరు. మార్చిలో ఒకరోజు నేను వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. ఆయన ఇష్టప్రకారమే వెళ్లారన్నారు. చక్రాల కుర్చీలో. ఎక్కడికో తెలీదు. ఇప్పటికీ తెలీదు."

"నాకెందుకు చెప్పలేదు వాళ్లు?"

"ఏదైనా ఉంటే నాకే చెప్పమని జనవరిలో నా నంబరిచ్చాను. నీకెందుకు ఈ బాధలన్నీ అని. అప్పుడు మంచికే ఇచ్చాను."

"పోలీసులకి?"

"చెబితే పత్రికంతా తెలుస్తుంది. జనవరి నించీ జరిగిందంతా బయటపడుతుంది. రేపొస్తారు, ఎల్లుండొస్తారు అనుకుంటూ వారానికొక కథ నేనే అల్లుకుంటూ పోయాను. వెధవ పని. నాకు తెలుసు."

మురోఫుషి ముందుకొచ్చాడు. "సగం ఒళ్లు చచ్చుబడ్డ మనిషి కొండ మీదనించి ఒంటరిగా ఎలా దిగుతాడు?"

"ఒంటరిగా దిగలేదు. ఒకావిడ వచ్చి తీసుకెళ్లింది. నర్సు అన్నీ చెప్పింది. నలభై లోపు మనిషి. వేళ్లకు రంగు పెన్సిల్ మరకలు. నీలం జాకెట్, వీపు మీద తెడ్డు బొమ్మ."

సిరీస్ మొదలైనప్పుడు స్టూడియోలో ప్రతి ఒక్కరికీ కుట్టించి ఇచ్చిన జాకెట్ అది. బజార్లో దొరకదు. ఆ క్షణాన చిజురు ఒంటి మీద ఉన్నదీ అదే.

"ఆవిణ్ణి చూడగానే మాస్టారు నవ్వారట," అన్నాడు కురమోచి. "ముక్కూమొహం తెలియనివాళ్లను చూసి ఆయన నవ్వరు, మీకూ తెలుసు. పేరు అడిగితే చెప్పిందట. ఇసోబె చిజురు."

"అబద్ధం," అంది చిజురు. "నేనా ఆసుపత్రి పేరు కూడా ఇప్పుడే విన్నాను."

"నాకూ మిమ్మల్ని నమ్మాలనే ఉంది. ఇప్పుడే మీ పని మీరే నరుక్కున్నారు, చూశాను. కానీ ఆ జాకెట్ మీరే తొడుక్కుని వచ్చారు."

మురోఫుషి ఏమీ అనకుండా వెళ్లి బయటి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె తెచ్చిన మిఠాయి డబ్బా అతని చంకలోనే ఉండిపోయింది.

సుజుహ లేచింది. కుడిచేతి తొడుగు విప్పి పేజీల మీద పెట్టింది. ఇందాక శనివారం సాయంత్రాల గురించి చెప్పిన పిల్ల కాదు ఇప్పుడామె. చిజురు ఎదురుగా, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా వచ్చి నిలబడింది.

"ఇసోబె గారూ," అంది. "మా నాన్నని ఎక్కడ పెట్టారు?"